నడుముకు ఏ చెయ్యి, మోకాలికి ఏ నూనె: తలంటు నుంచి కేరళ చికిత్సల వరకు ఒక పోలిక

సార్వా నాట్లు ముగిసేనాటికి గోదావరి డెల్టా పల్లెల్లో ‘నడుం పట్టేసింది’ అనే మాట వినిపించని ఇల్లు అరుదు. రోజంతా వంగి నారు నాటినవారికీ, కొబ్బరి చెట్టెక్కి దింపు తీసేవారికీ, చెరువు గట్టు మీద చేపల మేత బస్తాలు మోసేవారికీ, భీమవరంలోనో అమలాపురంలోనో కుర్చీ కదలకుండా లెక్కలు రాసేవారికీ నొప్పి దాదాపు ఒకే చోట పుడుతుంది. దానికి వారికి అందే సలహాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు నువ్వుల నూనె రాసి వేన్నీళ్ళు పోయమంటారు, ఒకరు కేరళ వైద్యశాలలో రెండు వారాలు చేరమంటారు, ఇంకొకరు ఫిజియోథెరపీ అంటారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత నడుము తన్నించుకొమ్మనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మార్గాలను పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది తగును, ఏది తగదు అని చూడడం ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మర్దన చేయించుకోవాలనుకున్నప్పుడు మనవారు మొదట నూనె పేరు అడుగుతారు, తరువాత ఖర్చు అడుగుతారు. నొప్పి ఏ దశలో ఉందో ఎవరైనా పరీక్షించి చూశారా అనే ప్రశ్న చివరికి మిగిలిపోతుంది. ఈ వరుస తిరగబడాలి. ముందు రోగనిర్ణయం, తరువాత చేయి, ఆ తరువాతే నూనె. ఒక నడుముకు మేలు చేసిన నూనే మరొకరి మోకాలికి కీడు చేయగలదన్నది ఆయుర్వేదానికి తెలియని సంగతి కాదు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగాన్ని, అంటే ఒంటికి నూనె మర్దనను, నిత్యం ఆచరించమని చెప్పిన చోటనే, కఫం పెరిగినవారికీ, ఒంటిని శుద్ధి చేసే శోధన చికిత్స అప్పుడే చేయించుకున్నవారికీ, అజీర్ణంతో ఉన్నవారికీ అది కూడదని కూడా చెప్పాడు. ప్రకటనల్లో మొదటి మాటే అచ్చవుతుంది, రెండోది కనబడదు.

ఇంట్లో జరిగే తలంటు

భోగి నాడు, ఉగాది నాడు, నరక చతుర్దశి నాడు తెల్లవారకముందే పిల్లలను లేపి ఒంటికి నూనె పట్టించి, నలుగు పెట్టి, వేన్నీళ్ళు పోసే ఆచారం మన ప్రాంతంలో ఇంకా పూర్తిగా పోలేదు. శాస్త్రం అభ్యంగమని పిలిచేది దీనినే. ప్రత్యేకమైన బల్ల గాని, నేర్పరి గాని దీనికి అక్కరలేదు. ఆరోగ్యంగా ఉండి పనివల్ల ఒళ్ళు నొప్పులు పడేవారికి, నిద్ర సరిగా పట్టనివారికి, చలికాలంలో చర్మం పగిలేవారికి, వయసుతో కీళ్ళు బిగుసుకుపోయినవారికి నేను మొదట సూచించేది ఇదే. దీనికి అయ్యే ఖర్చు గానుగ నుంచి తెచ్చుకున్న నూనె ఖర్చు మాత్రమే.

నూనె విషయంలో కోనసీమవారికి సహజంగానే కొబ్బరి నూనె మీద మమకారం. కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ అంబాజీపేట చేరువలో ఉండగా వేరే నూనె ఎందుకని వారి వాదన. ఆయుర్వేద దృష్టిలో నువ్వుల నూనె ఉష్ణగుణం గలది, వాతాన్ని తగ్గించేది. కొబ్బరి నూనె చలువ చేసేది. కాబట్టి బిగుసుకున్న నడుముకు, మోకాళ్ళకు నువ్వుల నూనెనూ, ఒళ్ళు మంటలున్నవారికి, ఎండాకాలంలో తలకు కొబ్బరి నూనెనూ వాడడం సమంజసం. ఔషధ తైలాలు, అంటే మహానారాయణ తైలం, క్షీరబల, ధన్వంతరం వంటివి, వైద్యుడు చెబితే వాడవలసినవే గాని, వారం వారం తలంటుకు అవసరం లేదు. కొన్నప్పుడు సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. చీటీ అంటించని సీసాలో సంతలో అమ్మే ‘నొప్పుల తైలం’ ఎంత ఘాటు వాసన వేసినా దానిలో ఏముందో తెలుసుకునే దారి లేదు.

పద్ధతి కష్టమైనది కాదు. నూనెను గోరువెచ్చగా చేసి, చేతుల మీద, కాళ్ళ మీద పొడవునా, కీళ్ళ దగ్గర గుండ్రంగా రాయాలి. తల, చెవుల చుట్టూ, పాదాలు ఈ మూడింటికీ ప్రత్యేక శ్రద్ధ పెట్టమన్నది వాగ్భటుని మాట. సుశ్రుత సంహిత అనే ప్రాచీన వైద్యగ్రంథానికి వ్యాఖ్యానం రాసిన డల్హణుడు నూనె వెంట్రుకల మూలాలకు చేరడానికి 300 మాత్రల కాలం పడుతుందని, అక్కడి నుంచి చర్మం, రక్తం మొదలుకొని మజ్జ దాకా ఒక్కొక్కదానికి మరో నూరేసి మాత్రలు చొప్పున పెరుగుతుందని లెక్క కట్టాడు. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికే కాలం. నూనె నిజంగా ఎముక మజ్జ వరకు వెళుతుందని ఇప్పటి శరీరశాస్త్రం అంగీకరించదు. అయితే ఆ లెక్కలో ఒక ఉపయోగకరమైన సూచన ఉంది. తొందరపడి పూసి వదిలేయకుండా ఒక్కొక్క చోట కొన్ని నిమిషాలు నిలవమని అది చెబుతుంది. నెమ్మదితనానికి ఆధునిక ఆధారమూ ఉంది. మన చర్మంలో, ముఖ్యంగా రోమాలున్న చోట, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో సాగే మృదువైన నిమురుడుకు బాగా స్పందించే సన్నని నరాల తంతువులు ఉన్నాయి. చేయి అంతకంటే వేగంగా పోతే వాటి స్పందన తగ్గిపోతుంది. అమ్మ చేయి సహజంగా ఆ వేగంతోనే కదులుతుంది.

ఎంత తరచుగా అన్న ప్రశ్నకు ఒక ఆసక్తికరమైన జవాబు అమెరికా నుంచి వచ్చింది. మోకాలి అరుగుదల ఉన్నవారిలో మర్దన మోతాదును పోల్చిన ఒక పరిశోధన 2012లో ప్రచురితమైంది. అందులో వారానికి ఒకసారి 60 నిమిషాల మర్దన తగిన మోతాదుగా తేలింది. అక్కడ చేసినది స్వీడిష్ పద్ధతి మర్దన, మన తలంటు కాదు. అయినా వారానికోసారి అనే మన పాత లెక్క మరీ గాలివాటం కాదనిపిస్తుంది.

తలంటులో అసలు ప్రమాదం నూనె కాదు, నేల. జిడ్డు పాదాలతో నున్నటి టైల్సు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న వృద్ధుల సంగతి ప్రతి వీధిలోనూ వినబడుతుంది. పాదాలకు చివర రాసి, కుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్ళు పోయడం మంచిది. వర్షాకాలపు ఉక్కలో గజ్జల్లో, చంకల్లో తామర ఉన్నవారు అది తగ్గేదాకా ఒంటికి నూనె మానాలి. జ్వరంలో వద్దు, భోజనం చేసిన వెంటనే వద్దు.

కాపడం మరో సంగతి. వావిలాకును, ఆముదపాకును వేడిచేసి మూటగట్టి ఒత్తడం, వేయించిన ఇసుక మూటతో కాచడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే, పనిచేసేవే. కాని మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఇవి నిప్పుతో చెలగాటం. మా ఇంట్లో ఒక పెద్దావిడకు ఇలాగే ఒక చికిత్సా కేంద్రంలో వేడి మూటతో అరికాలు బొబ్బలెక్కింది. ఆమెకు నొప్పి తెలియలేదు, పనివాళ్ళు మూట వేడిని తమ చేతి మీద చూసుకోలేదు, పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. చక్కెర ఉందా అని వారు అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆయుర్వేద వైద్యశాలకు ఎప్పుడు

ముందుగా ఒక మాట సరిదిద్దుకోవాలి. పంచకర్మ అంటే నూనె మర్దన కాదు. వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (మలద్వారం గుండా మందు ఎక్కించడం), నస్యం (ముక్కులో మందు వేయడం), రక్తమోక్షణం (రక్తం తీయడం) అనే ఐదు శోధన క్రియలకు ఆ పేరు; చరక సంప్రదాయంలో రక్తమోక్షణం బదులు వస్తినే రెండుగా లెక్కిస్తారు. అభ్యంగం, స్వేదం (చెమట పట్టించడం) వాటికి ముందు చేసే పూర్వకర్మలు. గంట మర్దన చేసి ఆవిరి పట్టి ‘పంచకర్మ ప్యాకేజి’ అని రసీదు ఇచ్చే చోట ఆ పేరుకు చెల్లించే డబ్బు వృథా.

అసలైన వైద్యశాలలో దొరికే స్థానిక చికిత్సల్లో మనవారికి ఎక్కువగా ఉపయోగపడేవి మూడు నాలుగే. నడుం మీద మినప్పిండి ముద్దతో గట్టు కట్టి అందులో గోరువెచ్చని తైలం నిలబెట్టేది కటివస్తి. మోకాలి మీద అదే పని జానువస్తి. ఆకులను నూనెలో వేయించి మూటగట్టి ఒత్తేది పత్రపిండ స్వేదం, దీనినే కేరళలో ఇలకిళి అంటారు. మన వావిలాకు కాపడానికి ఇది చదువుకున్న అన్న అనుకోవచ్చు. నవర బియ్యాన్ని పాలలో, బలామూల కషాయంలో ఉడికించి ఆ మూటలతో రుద్దేది షష్టికశాలి పిండ స్వేదం. పక్షవాతం తరువాత కృశించిన చేతులకు, కాళ్ళకు, బలహీనపడిన కండరాలకు వైద్యులు దీనిని ఎంచుకుంటారు. తైలాన్ని ఒంటి మీద ధారగా పోస్తూ రుద్దే పిళిచ్చిల్, నుదుటి మీద ధార పోసే శిరోధార ఖరీదైనవి. శిరోధార నిద్రలేమికి, మనసు బరువుకు హాయినిస్తుంది. నడుం నొప్పికి దానిని అంటగట్టేవారిని నమ్మనక్కరలేదు.

ఆధారాల సంగతికి వస్తే, బెర్లిన్‌లోని షారితే ఆసుపత్రి పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగం పేర్కొనదగినది. మోకాలి అరుగుదల ఉన్న 151 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మర్దన, ఆహార నియమం, యోగాసనాలతో కూడిన ఆయుర్వేద చికిత్సను, మరొక జట్టుకు వ్యాయామాలు, అవసరమైతే నొప్పి మాత్రలతో కూడిన సాధారణ చికిత్సను 12 వారాలు ఇచ్చారు. ఆయుర్వేద జట్టుకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. అయితే ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో రోగులకు తెలుసు. ఎక్కువ సేపు శ్రద్ధగా చూసుకోవడం వల్ల కలిగే మేలు ఎంత, నూనె వల్ల కలిగినది ఎంత అని ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు. నా దృష్టిలో ఇది చికిత్సను తోసిపుచ్చడానికి కారణం కాదు; నూనె పేరుకు అతిగా డబ్బు పెట్టకపోవడానికి మాత్రం కారణమే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మినహాయింపు. పొద్దున్నే వేళ్ళ కణుపులు వాచి, గంటసేపు బిగుసుకుపోయి, రెండు చేతులకూ ఒకేలా నొప్పి ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు. ఆయుర్వేదం ఆమవాతమని పిలిచే ఈ స్థితిలో, ఆమం, అంటే సరిగా జీర్ణం కాక ఒంట్లో నిలిచినది, ఉన్నంత కాలం నూనె మర్దన పనికిరాదని, పొడి ఇసుక మూటలతో కాపడమే తగినదని శాస్త్రమే చెబుతుంది. అలాంటి రోగికి మొదటి రోజే తైలం పూసే కేంద్రంలో ఆయుర్వేదం తెలిసినవారు లేరని అర్థం. కీళ్ళు వంకరపోకముందే కీళ్ళవాత నిపుణుడైన రుమటాలజిస్టును కలిసి రక్తపరీక్ష చేయించుకోవడం ఈ రోగికి మర్దన కంటే ముఖ్యం.

ఫిజియోథెరపీ, ప్రకృతి చికిత్స, తక్కినవి

నడుం నొప్పికి మాత్రమే అయితే, మూడు వారాలు దాటినా తగ్గనప్పుడు నేను ఫిజియోథెరపిస్టుకే మొదటి స్థానం ఇస్తాను. నడుం నొప్పికి మర్దన పై 2015లో వెలువడిన, జరిగిన ప్రయోగాలన్నింటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష, నొప్పి కొంతకాలం తగ్గుతుందని, కాని ఆధారాల నాణ్యత తక్కువని తేల్చింది. అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మర్దన వంటివాటిని ప్రయత్నించమన్నాయి. పాతబడిన నొప్పికి వ్యాయామాన్ని ముందు పెట్టాయి. మర్దన నొప్పిని కొంతకాలం పక్కకు నెడుతుంది. ఆ వ్యవధిలో కండరాన్ని బలపరిస్తేనే నడుము నిలబడుతుంది. బల్ల మీద పడుకోబెట్టి యంత్రం తగిలించి అరగంట తరువాత పంపించేసే చోట, వ్యాయామం నేర్పకపోతే, అది ఫిజియోథెరపీ పేరుతో జరిగే విశ్రాంతి మాత్రమే.

ప్రకృతి చికిత్స డెల్టాకు కొత్త కాదు. భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారు దానికి పేరు తెచ్చారు. మర్దనతో పాటు మట్టిపట్టీలు, తొట్టి స్నానాలు, ఉప్పు తగ్గించిన ఆహారం కలిసి వస్తాయి కాబట్టి, బరువు పెరిగి మోకాళ్ళు నొప్పి పెడుతున్నవారికి పది రోజులు అక్కడ గడపడం లాభమే. అయితే చక్కెరకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడుతున్నవారు వాటి మోతాదు గురించి తమ వైద్యునితో మాట్లాడకుండా ఉపవాసాలకు దిగకూడదు.

మాల్‌లోని పార్లర్ల గురించి చెప్పవలసినది కొద్దే. అలసట తీరడానికి వెళ్ళవచ్చు, జబ్బుకు వెళ్ళకూడదు. ఊళ్ళో బెణుకులు సరిచేసే చేయి తిరిగినవారిలో నిజమైన నేర్పు ఉన్నవారిని చూశాను. వారికైనా ఎక్స్‌రే కళ్ళు లేవు. వాచిన చీలమండను ఎముక విరగలేదని తెలిసేదాకా ఎవరి చేతా లాగించకూడదు. ఎదురుకాళ్ళవారి తన్ను మాట సరదాకు బాగుంటుంది. ఎముకలు గుల్లబారిన డెబ్బై ఏళ్ళ వెన్నెముక దానికి విరగవచ్చు.

చేయి వేయకూడని చోటు

కొబ్బరి చెట్టు మీది నుంచో డాబా మీది నుంచో పడిన తరువాత వచ్చిన నడుం నొప్పికి, కాలు బలహీనపడుతున్నా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, జ్వరంతో కలిసి వచ్చినా మర్దన లేదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మూతి వంకరపోయి చేయి పడిపోతే నూనె సీసా కోసం వెతకవద్దు. రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసినది. లంక గ్రామం నుంచి రేవు దాటి స్కానింగు ఉన్న కాకినాడకో రాజమహేంద్రవరానికో చేరడానికే అందులో సగం పోతుంది. మర్దనకు తరువాత నెలల తరబడి సమయం ఉంటుంది. ఆపరేషను తరువాతో, చాలా రోజులు మంచాన పడ్డాకో ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానిని పిసికితే గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

బోదకాలు గురించి వేరుగా చెప్పక తప్పదు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం వారి ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం రాజమహేంద్రవరంలో ఉండడమే ఈ జబ్బుకూ మన నేలకూ ఉన్న బంధాన్ని చెబుతుంది. వాచిన కాలిని గట్టిగా పిసికి ‘నీరు దించుతాం’ అనేవారు కీడు చేస్తారు. చర్మం గీరుకుపోయి సూక్ష్మక్రిములు చేరితే మళ్ళీ జ్వరం, మళ్ళీ వాపు. ఇక్కడ పనికివచ్చేది సమన్విత పద్ధతి. కేరళలోని కాసరగోడులో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వారు సబ్బుతో కడిగి ఆరబెట్టడం, మూలికల కషాయంలో కాలు నానబెట్టడం, శోషరసం పారే దిశను అనుసరించి మృదువుగా మర్దించడం, యోగ శ్వాసాభ్యాసం, చివరికి బిగుతు కట్టు వీటన్నింటినీ కలిపి ఒక క్రమంగా రూపొందించారు. పుండు, జ్వరం ఉంటే ఆధునిక మందులు వాడతారు. ఆయుర్వేదం, అల్లోపతి అని పట్టుబట్టకుండా రెండింటినీ ఒక కాలి మీద కలిపిన ఈ ప్రయత్నమే నాకు తెలిసిన వాటిలో మన జిల్లాలకు అన్నిటికంటే తగిన నమూనా. అంత దూరం వెళ్ళలేనివారు కూడా రోజూ కడగడం, వేళ్ళ సందులు ఆరబెట్టడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టడం ఇంట్లోనే చేయవచ్చు.

పసిబిడ్డకు, బాలింతకు

కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి లాల పోయడం బిడ్డకు మంచిదే. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున, 10 రోజులు మర్దన చేస్తే బరువు పెరగడం 47 శాతం ఎక్కువగా ఉందని అమెరికా పరిశోధకురాలు టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో చూపింది. అక్కడ చేసినది ఆసుపత్రి పర్యవేక్షణలో. మన లాలలో మానవలసినవి రెండు: ముక్కులో, నోట్లో నూనె చుక్కలు వేయడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తేవచ్చు. సిజేరియన్ అయిన బాలింతకు కాళ్ళు, వీపు పట్టవచ్చు. గాయం పూర్తిగా మాని వైద్యురాలు సరేననే వరకు పొట్ట జోలికి పోకూడదు.

చివరగా, ఏ కేంద్రంలోనైనా డబ్బు కట్టే ముందు అడగవలసినవి. నన్ను పరీక్షించేది ఆయుర్వేద పట్టా బి.ఏ.ఎం.ఎస్. చదివిన వైద్యులేనా, లేక రిసెప్షనులోనే ప్యాకేజి నిర్ణయిస్తారా? మర్దన చేసేవారు స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులేనా? నా రక్తపోటు, చక్కెర, వాడుతున్న మాత్రలు ఎవరు రాసుకుంటారు? బీమా ఉంటే, ఇది చికిత్సగా నమోదవుతుందా, ఆరోగ్య విహారంగానా? ఆయుష్ వైద్యాన్ని చెల్లించే పాలసీలు కూడా రెండో రకానికి సాధారణంగా చెల్లించవు. ధార చికిత్సలైతే మరొక ప్రశ్న: ఒక్కసారికి లీటర్ల కొద్దీ పట్టే ఆ తైలం నాకోసం విడిగా తెరిచినదేనా, నిన్న ఇంకొకరి ఒంటి మీది నుంచి దిగినదా? అదే రోగికి కొన్ని రోజులు తిరిగి వాడడం సంప్రదాయంలో ఉంది. మరొకరిది వాడడం ఏ సంప్రదాయంలోనూ లేదు. గిన్నె మీద మీ పేరు రాసి ఉందో లేదో చూడండి.